కష్టమైన ఇంగ్లీషే ముందు: హౌరా తెలుగువాళ్లకు సలహాలు

హౌరాలో ఉండే తెలుగువాళ్లకు ఇంగ్లీషు మాట్లాడే అవసరం పెద్దగా లేదు. ఇంట్లో తెలుగు, అదీ చాలావరకు శ్రీకాకుళం, విజయనగరం వైపు యాస. చేపల బజారులో బెంగాలీ. స్టేషన్లో, టోటోలో హిందీ. ఇంగ్లీషు మన గుమ్మం తొక్కేది ఒక్క దారినే, కవర్లో. పింఛను ఉత్తర్వు, క్వార్టరు ఖాళీ చెయ్యమన్న నోటీసు, డ్యూటీలో ఏదో జరిగిందని ఎస్సెఫ్-5 చార్జిషీటు, కారుణ్య నియామకం దరఖాస్తుకు జవాబు, బ్యాంకు తాఖీదు. అన్నీ ఇంగ్లీషులోనే వస్తాయి. ఇస్తున్నారో ఎగ్గొడుతున్నారో చదివినవాడికి తేలని ఇంగ్లీషులో వస్తాయి.

అందుకని నా సలహా మామూలు మాస్టార్ల సలహాకు పూర్తిగా ఎదురు. చిన్న మాటలతో మొదలుపెట్టవద్దు. 'మీరు బాగున్నారా, నేను బాగున్నాను' అంటూ నడిచే స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకం పక్కన పడెయ్యండి. మన క్షేమం అడుగుతూ మనకెవరూ ఇంగ్లీషులో ఉత్తరం రాయరు. లోకంలో అన్నిటికంటే మెలికలు తిరిగిన ఇంగ్లీషేదో దానితోనే మొదలుపెట్టండి. అది నేర్పే గురువు ఒకాయన ఉన్నాడు. సర్ హంఫ్రీ ఆపిల్‌బీ, బీబీసీ వారి 'యస్ మినిస్టర్' హాస్య ధారావాహికలో శాశ్వత కార్యదర్శి.

ఆంటొనీ జే, జొనాథన్ లిన్ కలిసి రాసిన ఆ ధారావాహిక 1980 ఫిబ్రవరి 25న మొదలైంది. 1984 క్రిస్మస్ ప్రత్యేక భాగం తరవాత పేరు మారి, 1986 నుంచి 1988 దాకా 'యస్, ప్రైమ్ మినిస్టర్'గా నడిచింది. రెండూ కలిపి 38 భాగాలు. జిమ్ హాకర్ అనే నాయకుడు పరిపాలనా వ్యవహారాల మంత్రి అవుతాడు. ఆ శాఖకు పెద్ద అధికారి హంఫ్రీ. ఇద్దరి మధ్యా మంత్రిగారి ప్రైవేటు సెక్రటరీ బెర్నార్డ్ వూలీ. మంత్రి ఏదో మంచి పని చెయ్యబోతాడు, కార్యదర్శి దాన్ని కాకుండా చేస్తాడు. ఆ చెయ్యడమంతా మాటలతోనే. కాదు అనే మాట అనకుండా, అవునండి అంటూనే కాదనిపిస్తాడు. హంఫ్రీ పాత్రకు నైజెల్ హాథోర్న్‌కు బాఫ్టా బహుమతి నాలుగుసార్లు వచ్చింది.

లండన్ సెక్రటేరియట్ గొడవ సాంత్రాగాఛీ క్వార్టర్లలో వాళ్లకెందుకని అడుగుతారు. నా మటుకు ఇంతకంటే దగ్గరి కార్యక్రమం కనిపించదు. హంఫ్రీ లాంటి అధికారిని తయారుచేసిన పద్ధతికి పునాది 1854 నాటి నార్త్‌కోట్–ట్రెవెల్యన్ నివేదిక. పరీక్ష పెట్టి గుమాస్తాలను తీసుకోవాలి, మంత్రులు మారినా వాళ్లు ఉండాలి అన్నది దాని సారం. ఆ ట్రెవెల్యన్ అంతకుముందు కలకత్తాలో కంపెనీ కొలువు చేసినవాడు, మెకాలేకు బావమరిది. తరవాత 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చి మన ఉత్తరకోస్తా జిల్లాలను కూడా ఏలాడు. నివేదిక అచ్చయిన ఆ 1854లోనే, ఆగస్టు 15న, హౌరా నుంచి హుగ్లీకి తొలి రైలు కదిలింది. ఆ రైల్వే వెంట పెరిగిన ఫైళ్ల భాష, లండన్ ఫైళ్ల భాష ఒక తల్లి పిల్లలే. 'పుట్ అప్', 'మినిట్', 'నోట్', 'కాంపిటెంట్ అథారిటీ' అంటూ మన కాగితాల్లో కనిపించే మాటలన్నీ ఆ ఇంటివే.

ఇంకొకటి. నదికి అవతల ఒడ్డున రైటర్స్ బిల్డింగ్ ఉంది. కంపెనీ గుమాస్తాలను రైటర్లనేవారు, వాళ్ల కోసం కట్టింది కాబట్టి ఆ పేరు. రాష్ట్ర సచివాలయం 2013 అక్టోబరులో అక్కణ్ణుంచి నది దాటి మన హౌరాకే, శిబ్‌పూర్‌లో బట్టల వ్యాపారానికని కట్టిన పద్నాలుగంతస్తుల మేడలోకి వచ్చి 'నబన్న' అయింది. ఇక మన సంగతి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వెంట, జూటు మిల్లుల వెంట ఇక్కడికొచ్చినవాళ్లం. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడ్డాక కూడా వాల్తేరు డివిజన్ 2003 దాకా దాని కిందే ఉంది, ప్రధాన కార్యాలయం నది అవతల గార్డెన్ రీచ్‌లో ఉంది. వాల్తేరు నుంచి ఇటు, ఇటు నుంచి వాల్తేరుకు బదిలీలన్నీ ఫైలు మీదే. మన ఇళ్లలో పెళ్లిళ్లు కూడా ట్రాన్స్‌ఫర్ ఆర్డరును బట్టే కుదిరేవి. ఫైలు భాష రాకుండా హౌరాలో బతకడం ఎంత నష్టమో నాకు తెలుసు. మా వీధిలో కాగితం వస్తే నా దగ్గరికే తెస్తారు.

కథ ముందే చెప్పించుకోండి

మాస్టార్లు కొత్త కథ, కొత్త పాఠం అంటారు. తెలిసిన కథతోనే భాష వస్తుందని నేనంటాను. భాగం చూడబోయే ముందు ఎవరిచేతైనా కథ మొత్తం తెలుగులో చెప్పించుకోండి, ముగింపుతో సహా. తరవాత హిందీలో చూడండి. 2001లో స్టార్ ప్లస్‌లో వచ్చిన 'జీ మంత్రీజీ' దీనికి హిందీ రూపమే. మంత్రిగా ఫారూఖ్ షేక్, కార్యదర్శిగా మన కలకత్తా నటుడు జయంత్ కృపలానీ. హిందీ హౌరాలో పిల్లలకు కూడా వచ్చు. రెండుసార్లు కథ తెలిసిపోయాక ఇంగ్లీషు పెట్టండి. ఇక ఏం జరుగుతుందో అని మనసు పరిగెత్తదు, ఎలా అంటున్నాడో అని చెవి ఆగుతుంది. భాష నేర్చుకునేవాడికి కావలసింది ఆ ఆగడమే.

కింద వచ్చే అక్షరాలు తీసెయ్యండి. అక్షరాలుంటే కళ్లు పనిచేస్తాయి, చెవులు సెలవు పెడతాయి.

మీరు హాకర్ పక్కన కూర్చోండి

చాలామంది హంఫ్రీని చూసి భయపడి మానేస్తారు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో లాటిన్, గ్రీకు చదివినవాడు, మధ్యమధ్య అవీ విసురుతాడు. కంగారు పడొద్దు. హాకర్‌కి కూడా అర్థం కాదు. మంత్రి అయివుండీ తన కింది అధికారి చెప్పింది ఆయనకు సగం అర్థం కాదు, అందుకే బెర్నార్డ్‌ను అడుగుతాడు. బెర్నార్డ్ విడమరిచి చెబుతాడు. రచయితలు మనలాంటి విద్యార్థిని, వాడికి ట్యూషన్ మాస్టారిని కథలోనే పెట్టారు. ఏ కోర్సులోనూ ఇంత మంచి ఏర్పాటు లేదు. హంఫ్రీ మాట్లాడుతున్నంతసేపూ హాకర్ మొహం చూడండి, తరవాత బెర్నార్డ్ మాట వినండి, అప్పుడు వెనక్కి తిప్పి హంఫ్రీని మళ్లీ వినండి. ఈ వరసను తారుమారు చెయ్యకండి.

పొడుగు వాక్యం చూసి పారిపోకండి, తెలుగువాడికి అది సులువు

ఇంగ్లీషు టీచర్లందరూ చిన్న వాక్యాలు నేర్చుకోమంటారు. హంఫ్రీ వాక్యం మొదలైతే ఊపిరి సరిపోదు. కర్త ముందే వస్తుంది, తరవాత షరతులు, మినహాయింపులు, వినయాలు, వాటి మీద మళ్లీ షరతులు, అసలు సంగతి ఎక్కడో చివర్లో. ఇంగ్లీషువాడికి అది నరకం, క్రియ తొందరగా రావాలని అతని చెవి ఎదురుచూస్తుంది. మన చెవి అలా కాదు. తెలుగులో క్రియ చివరే వస్తుంది. 'మొన్న ఖరగ్‌పూర్ నుంచి ఫలక్‌నుమాలో వచ్చిన మా చిన్నాన్న కొడుకు తెచ్చిన ఆవకాయ జాడీ...' అని మొదలుపెడితే జాడీ పగిలిందో, నిండుగా ఉందో, పక్కింటికి పోయిందో తెలిసేదాకా మనం ఓపిగ్గా ఆగుతాం. పుట్టినప్పటి నుంచీ చేస్తున్న సాధన అది. ఆ ఓపికే హంఫ్రీ వాక్యానికి తాళంచెవి. పొడుగు వాక్యాల్లో ఢిల్లీ కాన్వెంటు పిల్లల కంటే టికియాపాడా తెలుగు పిల్లలు ముందుంటారని నేను బల్లగుద్ది చెబుతాను.

పద్ధతి ఇది. వాక్యం నోటుబుక్కులో రాసుకోండి. 'దట్', 'విచ్', 'వైల్', 'ఇన్ సో ఫార్ యాజ్' వచ్చినచోటల్లా గీత గీసి విడగొట్టండి. తరవాత బియ్యంలో మట్టిగడ్డలు ఏరినట్టు ఒక్క 'నాట్' కోసం వెతకండి. 'నాట్' లేకపోతే 'అన్', 'ఇన్' తగిలించిన మాట కోసం, అదీ లేకపోతే 'హౌఎవర్', 'అన్‌లెస్', 'సబ్జెక్ట్ టు' కోసం చూడండి. పెద్ద కాగితం మొత్తంలో మీ గతి తేల్చే మాట అదొక్కటే. మిగిలినదంతా మర్యాద.

1984 క్రిస్మస్ భాగం 'పార్టీ గేమ్స్' దీనికి మొదటి పాఠం. హంఫ్రీకి క్యాబినెట్ సెక్రటరీగా పదోన్నతి వస్తుంది, హాకర్ శాఖ వదిలి వెళ్లాలి. ఆ సంగతి సూటిగా చెప్పడు. మన ఇద్దరి అనుబంధం ఇక ముగింపుకు వస్తోందని చాంతాడంత వాక్యం అల్లుతాడు. హాకర్ బుర్ర గోక్కుని, చిన్నగా చెప్పమంటాడు. హంఫ్రీ చిన్నగానే చెబుతాడు, నేను వెళ్లిపోతున్నాను అని, మనందరికంటే పెద్దాయన సేవకు పోతున్నానని. ఆయన ఉద్దేశం ప్రధానమంత్రి. హాకర్ ఆయన చచ్చిపోతున్నాడనుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు, భార్యకు తెలుసా అని అడుగుతాడు. పొడుగు వాక్యం కంటే పొట్టి వాక్యమే ఎక్కువ ముంచిందన్న సంగతి గమనించండి. 'ఆన్ మై వే అవుట్' అని నిఘంటువులో చూస్తే బయటికి పోతున్నాననే ఉంటుంది. ఎక్కడి నుంచి, ఎక్కడికి అన్నది మనిషిని చూసి తెలుసుకోవాలి. పొట్టి మాటలు సులువు, పొడుగువి కష్టం అని చెప్పేవాళ్లెవరూ ఈ భాగం చూడలేదు.

వాక్యం బట్టీ పట్టడానికి హౌరా వంతెనకు మించిన బడి లేదు. 705 మీటర్లు, నట్టూ బోల్టూ లేకుండా రివెట్లతో నిలబెట్టిన ఉక్కు. నడిస్తే ఒక వాక్యం నాలుగైదుసార్లు నోట్లో తిప్పుకోవచ్చు. ఆ జనంలో, మూటలు మోసేవాళ్ల కేకల్లో, మీరు ఇంగ్లీషులో గొణుగుతున్నారని ఎవరూ తలతిప్పి చూడరు. ఇంట్లో అయితే నవ్వుతారు, సిగ్గేసి మానేస్తారు. అవతల ఒడ్డుకు చేరాక కాలేజ్ స్ట్రీట్ పాతపుస్తకాల దుకాణాల్లో 'ది కంప్లీట్ యస్ మినిస్టర్' అడగండి. అదే కథను హాకర్ డైరీలా, మధ్యమధ్య హంఫ్రీ కాగితాలు, బెర్నార్డ్ జ్ఞాపకాలు చేర్చి రాశారు. ఒకే సంఘటన ముగ్గురి ఇంగ్లీషులో చదవవచ్చు.

నిఘంటువు ముట్టుకోకండి, నవ్వు వినండి

ఈ కార్యక్రమాన్ని స్టూడియోలో ప్రేక్షకుల ముందు తీశారు. వాళ్ల నవ్వు రికార్డయింది. ఆ నవ్వే మీ నిఘంటువు. ఎక్కడ నవ్వారో అక్కడ ఒక మాటకు రెండో అర్థం ఉందన్నమాట. మీకు నవ్వు రాలేదంటే ఆ రెండో అర్థం మీకింకా తెలియదన్నమాట. అక్కడ ఆపండి, గీత గీయండి. వాళ్లు నవ్వని చోట మీకు తెలియని మాటలు వంద వచ్చినా వదిలెయ్యండి, వాటితో ఇప్పుడు పనిలేదు.

అలా మొదట పట్టుకోవలసిన మాట 'కరేజియస్'. బడిలో ధైర్యవంతుడని చెప్పారు, మంచి మాట. హంఫ్రీ ఆ మాట అనగానే హాకర్ మొహం పాలిపోతుంది, జనం నవ్వుతారు. 'కాంట్రవర్షల్' అంటే ఓట్లు పోతాయి, 'కరేజియస్' అంటే ఎన్నికే పోతుందని అక్కడ లెక్క. 'నావెల్', 'ఇమాజినేటివ్', 'విత్ ది గ్రేటెస్ట్ రెస్పెక్ట్' కూడా ఇలాంటివే. మెచ్చుకున్నట్టుండే మాట ఫైలు మీద కనిపిస్తే ఉలిక్కిపడటం అలవాటు చేసుకోండి. యూనియన్ మీటింగులో మీ ప్రతిపాదనను పై ఆఫీసర్ 'వెరీ ఇమాజినేటివ్' అన్నాడంటే అది అటకెక్కింది.

రెండోది 'అండర్ కన్సిడరేషన్'. బెర్నార్డ్ దీని గుట్టు విప్పుతాడు. పరిశీలనలో ఉందంటే ఫైలు పోయిందని, 'అండర్ యాక్టివ్ కన్సిడరేషన్' అంటే దాన్ని వెతుకుతున్నారని. హౌరాలో ఎన్ని ఇళ్ల ట్రంకుపెట్టెల్లో ఈ రెండు మాటలున్న కాగితాలు భద్రంగా మడిచిపెట్టుకున్నారో! వస్తుందనే ఆశతో దాచుకున్నవి.

మా వీధిలో భర్త పోయిన ఒకావిడ, కొడుకు ఉద్యోగం కోసం పెట్టిన దరఖాస్తుకు జవాబు తెచ్చింది. ఇంటర్ చదివే కూతురు అప్పటికే చదివి వినిపించింది.

"పిన్నీ, ఇందులో 'రిగ్రెటెడ్' అని రాసుంది. రిగ్రెట్ అంటే బాధపడటం కదా? మా గురించి బాధపడుతున్నారంటే ఇచ్చీసినట్టేనేటి?" అంది ఆ పిల్ల.

"కాదమ్మా. నీ దరఖాస్తు కొట్టేశారు."

"మరి కాదని రాయొచ్చు కదేటి?"

ఆ ప్రశ్న వేసినందుకే ఆ పిల్లను నేను కూర్చోబెట్టి హంఫ్రీని చూపించాను. ఆ వయసు పిల్లలకు చదువులో ముందు నేర్పవలసింది ఇదేనని నాకు గట్టి నమ్మకం. 'రిగ్రెటెడ్', 'నాట్ అక్సీడెడ్ టు', 'యాజ్ పర్ ఎక్స్‌టంట్ రూల్స్', 'నో ఫర్దర్ కరస్పాండెన్స్ విల్ బి ఎంటర్‌టెయిన్డ్'. పూల పేర్లు, పళ్ల పేర్లు, జంతువుల పిల్లల పేర్లు ఎప్పుడైనా వస్తాయి. ఈ నాలుగూ పదో తరగతి లోపు రావాలి. 'ఎంటర్‌టెయిన్' అంటే వినోదమని నేర్చుకున్న పిల్ల ఆ చివరి వాక్యాన్ని ఏమనుకుంటుంది?

జాతీయాలు ఎపిసోడ్ పేర్లలోనే ఉన్నాయి

ఇంగ్లీషు జాతీయాలు వెయ్యి అంటూ అమ్మే పుస్తకాలు కొనొద్దు. వెయ్యి జాతీయాలు ఏ ఇంగ్లీషువాడికీ అక్కర్లేదు. ఈ ధారావాహిక భాగాల పేర్లు చాలావరకు జాతీయాలే. ఒక్కో పేరుకు అరగంట కథ ఉంది కాబట్టి మరిచిపోవడం కుదరదు. జాతీయాన్ని ఉన్నదున్నట్టు ఊహించుకోవద్దని టీచర్లంటారు. ఊహించుకోండి. బెర్నార్డ్ చేసే పని అదే. ఎవరైనా రెండు ఉపమానాలు కలగలిపి మాట్లాడితే, అది ఎలా సాధ్యమండీ అని బొమ్మగీసినంత వివరంగా అడ్డుతగులుతాడు. అలా బొమ్మ కట్టుకున్న జాతీయమే నిలుస్తుంది.

'ది గ్రీజీ పోల్' తీసుకోండి. జారే స్తంభం, పదవుల నిచ్చెన. ప్రధాని పదవికి వచ్చినప్పుడు డిజ్రేలీ అన్న మాటగా అది ప్రసిద్ధి. రాయలసీమ వాళ్లకైతే బొమ్మ గీయనక్కర్లేదు, కృష్ణాష్టమికి ఉట్ల మాను ఎక్కడం చూసినవాళ్లే. జిడ్డు పూసిన మాను, పైనుంచి నీళ్లు, కింద జనం. ఆ భాగంలో ఒక రసాయన కర్మాగారం పెట్టాలా వద్దా అన్న తగాదా, ఓట్లు పోతాయన్న మంత్రి భయం నడుస్తాయి. 'ది డెవిల్ యూ నో'కి మన సామెత తయారుగా ఉంది, తెలియని దేవుడి కంటే తెలిసిన దయ్యం మేలు. హాకర్ బ్రస్సెల్స్‌కు పోతాడేమోనని పుకారు రాగానే, అన్నాళ్లూ ఆయన్ని వేధించిన హంఫ్రీకే బెంగ పట్టుకుంటుంది, కొత్తగా వచ్చేవాడు ఎలాంటివాడో అని. 'జాబ్స్ ఫర్ ది బాయ్స్' అంటే అస్మదీయులకు పదవులు. 'ది స్కెలిటన్ ఇన్ ది కప్‌బోర్డ్', అల్మరాలో అస్థిపంజరం: హంఫ్రీ చిన్న అధికారిగా ఉన్నప్పుడు స్కాట్లండ్‌లో ఒక సైనిక స్థావరం భూమి ఒప్పందంలో చేసిన పెద్ద పొరపాటు, ముప్పై ఏళ్లకు పాత ఫైళ్లు తెరవగానే బయటపడుతుంది. ఆ భాగంలో తప్పు ఒప్పుకోవలసి వచ్చినప్పుడు హంఫ్రీ ముందు చాంతాడంత వాక్యం అల్లుతాడు, అది హాకర్‌కు అర్థం కాకపోయేసరికి చివరికి రెండు మూడు పొట్టి మాటల్లో చెబుతాడు. భయం వేసినప్పుడు మనిషి ఇంగ్లీషు ఎలా కుదించుకుపోతుందో అక్కడ వినండి.

హౌరావాళ్లు మాత్రం 'ది బెడ్ ఆఫ్ నెయిల్స్' తప్పక చూడాలి. రోడ్డు, రైలు, విమానం అన్నిటినీ కలిపి ఒక రవాణా విధానం తయారుచెయ్యమని హాకర్‌కు పెద్ద బిరుదు తగిలిస్తారు. ఆయన మురిసిపోతాడు. హంఫ్రీ వణికిపోతాడు, అది మేకుల పాన్పు అని. మూడు విభాగాల అధికారులు కూర్చుని ఎవరి బండిని వాళ్లు వెనకేసుకొస్తారు. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో ఆ సమావేశం చూస్తే తెలుస్తుంది. మన స్టేషన్ ముందు నిలబడి చూడండి. పాత కాంప్లెక్సులో ఒక రైల్వే, కొత్త కాంప్లెక్సులో ఇంకో రైల్వే, ముందు బస్సులు, పక్కన లాంచీ ఘాటు, 2024 మార్చి నుంచి నది కిందుగా పోయే మెట్రో. వేటికవే టికెట్లు, వేటికవే వరసలు. ఇరవై కిలోల మూటతో కోరమండల్‌కు పరిగెత్తినవాడికి ఆ భాగంలో ప్రతి మాటా అర్థమవుతుంది. అది ఇప్పుడు శాలిమార్ నుంచి బయల్దేరుతుందని తెలియక హౌరాకు వచ్చినవాడికి ఇంకా బాగా అర్థమవుతుంది.

ఇలా నేర్చుకున్న జాతీయాలను మాటల్లో వాడకండి. ఇంటర్వ్యూలో అసలు వాడకండి. జాతీయం మన నోటి నుంచి వస్తే బట్టీ పట్టాడంటారు. ఎదుటివాడి నోటి నుంచి వస్తే గుర్తుపట్టడానికే మనకది. 'కన్యాశుల్కం' నాటకంలో గిరీశం శిష్యరికం చేసి వెంకటేశం నేర్చుకున్న ఇంగ్లీషు తల్లిని మురిపించడానికే తప్ప ఇంకెందుకూ పనికిరాలేదు. మన పిల్లల చేత చుట్టాల ముందు ఇంగ్లీషు మాట్లాడించే సరదా ఆ కాలం నుంచీ ఉంది, దాన్ని మానుకోండి. మన పిల్ల మాట్లాడకపోయినా ఫరవాలేదు, కాగితం చదివి నాన్నకు ఇది ప్రమాదమని చెప్పగలగాలి.

ఒక గుణానికి మూడు మాటలు

బెర్నార్డ్ దగ్గర ఒక ఆట ఉంది. ఒకే లక్షణాన్ని 'నేను' అన్నప్పుడు గొప్పగా, 'నువ్వు' అన్నప్పుడు కాస్త తక్కువగా, 'అతను' అన్నప్పుడు నేరంగా చెప్పడం. వ్యాకరణంలో క్రియారూపాల్లా వల్లిస్తాడు. బెర్ట్రండ్ రస్సెల్ 1948లో బీబీసీ రేడియోలో మొదలుపెట్టిన ఆట అది. ఇంటిల్లిపాదీ ఆడండి, ముందు తెలుగులో. నేను చూసి ఖర్చుపెడతాను, నువ్వు లోభివి, వాడు ఎంగిలిచేత్తో కాకిని తోలడు. నేను మొహమాటస్తుణ్ణి, నువ్వు మాట్లాడవు, వాడికి పొగరు. తరవాత అవే ఇంగ్లీషులో. 'థ్రిఫ్టీ', 'టైట్‌ఫిస్టెడ్', 'మైజర్లీ'. పర్యాయపదాల పట్టికలు చేసే పెద్ద హాని ఇదే, ఈ మూడింటికీ ఒకటే అర్థమని చెబుతాయి. చార్జిషీటులో 'ల్యాప్స్' అని ఉందా, 'నెగ్లిజెన్స్' అని ఉందా, 'మిస్‌కాండక్ట్' అని ఉందా అన్నదాని మీద ఒక గ్యాంగ్‌మన్ ఇంక్రిమెంటు ఆధారపడి ఉంటుంది. మీ మీద వచ్చిన మాట 'అతను' వరసలో ఉంటే, మీ జవాబులో దాన్ని 'నేను' వరసకు తెచ్చుకోండి.

ఇంకా కొత్త రాజకీయ హాస్యాలున్నాయి కదా అంటారు. 'ది థిక్ ఆఫ్ ఇట్' ఉంది, అందులో పుట్టిన 'ఆమ్నీషాంబుల్స్' 2012లో బ్రిటన్‌కు ఆక్స్‌ఫర్డ్ వాళ్ల ఆ ఏటి మాట అయింది. కానీ అందులో భాషంతా బూతు. మన కాగితాల్లో బూతులుండవు, అదే వాటితో ఇబ్బంది.

జవాబు రాసేటప్పుడు హంఫ్రీని వదిలెయ్యండి

ఇన్నాళ్లూ పొడుగు వాక్యాలు నేర్పి, తీరా రాయబోతే వద్దంటున్నానేమిటని మా పిల్లలు పోట్లాడతారు. ఆ వాక్యాలు మనం చదవడానికి. రాసేది వేరు. హంఫ్రీ భయపడేది ఒక్కదానికే, తేదీ అడిగే ప్రశ్నకు. ఎందుకు, ఎలా, న్యాయమేనా అని అడిగితే ఆయన గంట మాట్లాడగలడు. ఏ రోజు, ఏ బల్ల మీద, ఎవరి సంతకం అని అడిగితే మాటలు అయిపోతాయి.

2005 సమాచార హక్కు చట్టం కింద కేంద్ర కార్యాలయాలకు, రైల్వేతో సహా, పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి అడగవచ్చు. దరఖాస్తులో నా కష్టాలు, నా పిల్లలు, మీ దయ అన్నవేవీ రాయకండి. నాలుగు ప్రశ్నలు చాలు. నేను ఫలానా తేదీన ఇచ్చిన దరఖాస్తు ఏ తేదీన ఏ అధికారి దగ్గరికి చేరింది? ఒక్కొక్కరి దగ్గర ఎన్ని రోజులుంది? దాని మీద వాళ్లు రాసిన నోటింగుల నకళ్లు ఇవ్వండి. తిరస్కరించినట్లయితే ఏ నిబంధన కింద, ఆ నిబంధన నకలు ఇవ్వండి. ఒక్కో ప్రశ్న ఒక్కో పేరాలో రాయండి, మొదటిది 'ఆన్ వాట్ డేట్' అని మొదలుపెట్టండి. 'వై' అన్న మాట ఎక్కడా రానివ్వకండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చిన జవాబులో 'అండర్ కన్సిడరేషన్' కనిపించినా, మరో ముప్పై రోజుల్లోపు అదే కార్యాలయంలో పై అధికారికి మొదటి అప్పీలు పెట్టండి. కేంద్ర కార్యాలయాల్లో దానికి రుసుము లేదు.